ఇంటిపేరు అదే, తీర్పు అది కాదు

సుప్రీంకోర్టు తీర్పుల పాత సంపుటాలు తిరగేస్తే ‘జస్టిస్ వి.రామస్వామి’ అన్న పేరు రెండు వేర్వేరు కాలాల్లో తగులుతుంది. 1965 నుంచి 1969 దాకా ఒకసారి, 1989 నుంచి 1994 దాకా ఇంకోసారి. పొడి అక్షరం అదే, పేరు అదే, కూర్చున్న కోర్టు అదే. మనుషులు మాత్రం ఇద్దరు.

మొదటి రామస్వామి ఐసీఎస్ అధికారి. పట్నా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి ఢిల్లీకి వచ్చారు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసు తేల్చిన 11 మంది న్యాయమూర్తుల్లో ఆయనొకరు. ప్రాథమిక హక్కులకు కోత పెట్టే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు, ఉందని ఐదుగురు చెప్పిన కేసు అది. ఆ ఆరుగురికీ ముందు నిలిచినవారు రాజమండ్రి బిడ్డ, అప్పటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. రామస్వామి ఆయనతో ఏకీభవించలేదు. తన కారణాలను విడిగా రాశారు.

రెండో రామస్వామి మద్రాసు హైకోర్టు నుంచి పంజాబ్-హర్యానా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లి, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు వచ్చారు. చండీగఢ్‌లో ఉండగా అధికార నివాసం పేరిట ప్రభుత్వ సొమ్ము ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టారన్న ఆరోపణలు ఆయన వెంటే వచ్చాయి. 1990లో నాటి ప్రధాన న్యాయమూర్తి సవ్యసాచి ముఖర్జీ ఆయన్ని కొంతకాలం కేసులు వినకుండా ఉండమని సలహా ఇచ్చారు. 1991లో 108 మంది ఎంపీలు సంతకాలు చేసిన తీర్మానాన్ని స్పీకర్ రబీ రే స్వీకరించి విచారణ సంఘం వేశారు. అందులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పి.బి.సావంత్, బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.డి.దేశాయ్‌తో పాటు సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, మన ఓ.చిన్నపరెడ్డి సభ్యులు. మొత్తం 14 అభియోగాల్లో 11 రుజువయ్యాయని సంఘం చెప్పింది. 1993 మే 11న లోక్‌సభలో ఓటింగ్ జరిగింది. తొలగించాలని 196 మంది ఓటు వేశారు. వద్దని ఒక్కరూ వేయలేదు. 205 మంది అసలు ఓటే వేయలేదు. తీర్మానం వీగిపోయింది. స్వతంత్ర భారతంలో అభిశంసన ఓటింగ్ దాకా వెళ్లిన తొలి న్యాయమూర్తిగా ఆయన పేరు మిగిలింది.

వీరిద్దరే అయితే సరిపోయేది. 1989 అక్టోబరులో రెండో వి.రామస్వామితో పాటే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి కె.రామస్వామి కూడా సుప్రీంకోర్టుకు వచ్చారు. నాలుగేళ్లకు పైగా ఇద్దరు రామస్వాములూ ఒకే కోర్టులో ఉన్నారు. ‘జస్టిస్ రామస్వామి’ అంటే దేశానికి అభిశంసన గుర్తొస్తున్న ఆ రోజుల్లోనే, ఈ రామస్వామి వేరే దారిలో తన పని తాను చేసుకుపోయారు. ఆయన పేరు ఈరోజుకీ విశాఖ మన్యంలో వినిపిస్తుందంటే కారణం 1997 జులైలో, పదవిలో తన చివరి రోజుల్లో ఇచ్చిన సమత తీర్పు. అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో సున్నపురాయి జాతి ఖనిజాల తవ్వకానికి ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం లీజులు ఇచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టులో ముగ్గురిలో ఇద్దరు ఆ సంస్థ వైపు నిలిచారు.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతర ‘వ్యక్తి’కి భూమి బదలాయించకూడదని 1/70 చట్టం చెబుతోంది కదా, ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని కె.రామస్వామి రాశారు. ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతర వ్యక్తే కాబట్టి సర్కారు భూమినైనా దానికి లీజుకు ఇవ్వడానికి వీల్లేదన్నారు. మన్యంలో గనుల లీజు మీద జరిగే ఏ వాదనైనా ఇవాళ్టికీ ఆ తీర్పును దాటి ముందుకు పోలేదు. మూడు పేర్లనూ ఒకటిగా చదివే పాఠకుడికి ఈ రామస్వామి కనపడకుండా పోతారన్నదే నా బాధ. న్యాయమూర్తిని పేరుతో గుర్తుపెట్టుకోవడం తేలిక. ఆయన రాసిన కారణాలతో గుర్తుపెట్టుకోవడానికి కొంత శ్రమ కావాలి. ఆ శ్రమ ఎందుకు పడాలో పేర్లు కలిసినచోటే బాగా తెలుస్తుంది.

తండ్రి రాసింది, కొడుకు కొట్టేసింది

పేరు కలిసిన న్యాయమూర్తులనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చంద్రచూడ్‌లు. తండ్రి యశ్వంత్ విష్ణు చంద్రచూడ్ 1978 ఫిబ్రవరి నుంచి 1985 జులై దాకా ప్రధాన న్యాయమూర్తి. ఏడేళ్లు దాటిన ఆ పదవీకాలాన్ని ఇంకెవరూ అందుకోలేదు. కొడుకు ధనంజయ 2022 నవంబరు నుంచి 2024 నవంబరు దాకా అదే కుర్చీలో ఉన్నారు. తండ్రీకొడుకులిద్దరూ భారత ప్రధాన న్యాయమూర్తులు కావడం అదే మొదటిసారి.

వారి కథకు మూలం 1976 ఏప్రిల్ 28లో ఉంది. ఎమర్జెన్సీ విధించి అప్పటికి పది నెలలు. మీసా చట్టం కింద వేల మందిని విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. మా మనిషిని ఎందుకు పట్టుకుపోయారో చెప్పించండని కుటుంబాలవారు హైకోర్టుల్లో హెబియస్ కార్పస్ పిటిషన్లు వేశారు. వినే అధికారం మాకుందని పలు హైకోర్టులు అన్నాయి. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ఏడీఎం జబల్‌పూర్ కేసు. ఐదుగురి ధర్మాసనంలో ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్.రే, హెచ్.ఆర్.ఖన్నా, ఎం.హెచ్.బేగ్, వై.వి.చంద్రచూడ్, పి.ఎన్.భగవతి ఉన్నారు.

వాదనల మధ్యలో ఖన్నా అటార్నీ జనరల్ నిరేన్ డేని ఒక ప్రశ్న అడిగారు. సొంత కక్షతో ఒక పోలీసు అధికారి ఒక మనిషిని చంపేస్తే, అప్పుడు కూడా కోర్టులో దారి ఉండదా? ఎమర్జెన్సీ ఉన్నంతకాలం ఉండదనే డే బదులిచ్చారు. ఆ జవాబు విన్నాక కూడా నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం వైపే మొగ్గారు. జీవించే హక్కు కోసం కోర్టు తలుపు తట్టే అవకాశం ఎమర్జెన్సీలో పౌరుడికి లేదన్నారు. నిర్బంధ అధికారాన్ని ప్రభుత్వం దుర్వినియోగం చేయదన్న తన ఆశను చంద్రచూడ్ వజ్రంతో పోల్చి రాశారు. ఖైదీలను సర్కారు తల్లిలా చూసుకుంటోందన్నట్టు రాశారు బేగ్. ఖన్నా ఒక్కరే కాదన్నారు.

అప్పటికి ధనంజయకు 16 ఏళ్లు.

41 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, తొమ్మిది మంది న్యాయమూర్తులు ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పారు. ఆధార్ పథకాన్ని సవాలు చేసిన కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామి కేసు అది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనా అన్నది ప్రశ్న. అవునన్నారు తొమ్మిది మందీ. తనతో కలిపి నలుగురి తరఫున ప్రధాన తీర్పు రాసిన డి.వై.చంద్రచూడ్, ఏడీఎం జబల్‌పూర్ కేసులో మెజారిటీ పక్షాన రాసిన నలుగురి తీర్పులూ తీవ్రంగా లోపభూయిష్టమైనవన్నారు. ఆ నలుగురిలో తండ్రి ఉన్నారు. తండ్రికి మినహాయింపు ఇవ్వలేదు, తండ్రిని వేరుచేసి చూపనూ లేదు. ప్రాణాన్ని, స్వేచ్ఛను రాజ్యాంగం మనకు దయతలిచి ఇవ్వలేదని, అవి మనిషికి పుట్టుకతో వచ్చినవని, ఏ నాగరిక రాజ్యమూ చట్టాధికారం లేకుండా వాటిని లాక్కోలేదని కారణం చెప్పారు. తండ్రి మరణించి అప్పటికి తొమ్మిదేళ్లు.

నిజానికి 1978లో వచ్చిన 44వ రాజ్యాంగ సవరణతోనే పాత తీర్పు పట్టు సడలింది. ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణలను ఆపడానికి వీల్లేదని ఆ సవరణ కట్టడి చేసింది. అయినా తీర్పు మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. దాన్ని కోర్టే లాంఛనంగా తోసిపుచ్చడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ మరుసటి ఏడాది మరో తీర్పు. భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ వ్యభిచారాన్ని నేరమంటూనే మగవాడినే శిక్షించేది. మోసపోయిన భార్యకు ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చేది కాదు. 1985లో సౌమిత్రి విష్ణు అనే మహిళ దాన్ని సవాలు చేసినప్పుడు సీనియర్ చంద్రచూడ్ కొట్టివేశారు. చట్టాన్ని మార్చాలో లేదో చట్టసభ చూసుకుంటుందన్నారు. 2018 సెప్టెంబరు 27న జోసెఫ్ షైన్ కేసులో ఐదుగురి ధర్మాసనం ఆ సెక్షన్‌నే రద్దు చేసింది. అందులో ఉన్న జూనియర్ చంద్రచూడ్, పెళ్లితో స్త్రీ తన స్వతంత్రాన్ని భర్తకు రాసివ్వదని అన్నారు. రెండేళ్లలో రెండుసార్లు తండ్రి తీర్పును కొడుకు తోసిపుచ్చారన్న శీర్షికలు వచ్చాయి.

ఆ శీర్షికల్లో అబద్ధం లేదు. కానీ అవి కథను ఇంటి గొడవ స్థాయికి కుదించాయి. పుట్టస్వామి కేసులో తొమ్మిది మందీ ఒకే మాట మీద ఉన్నారు. కొడుకు ఆ ధర్మాసనంలో లేకపోయినా జబల్‌పూర్ తీర్పు నిలిచేది కాదు. అదీగాక తండ్రి రాసిన తీర్పులు ఆ రెండే కావు. సీనియర్ చంద్రచూడ్ పదవీ విరమణకు ముందు రోజు, 1985 జులై 10న, బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ల కేసులో తీర్పు ఇచ్చారు. ఓల్గా టెల్లిస్ కేసుగా పేరుపడిన ఆ తీర్పులో, జీవనోపాధి లాగేస్తే జీవితాన్ని లాగేసినట్టేనని, అందువల్ల బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పారు. 21వ అధికరణ మీద చీకటి కమ్మించిన ధర్మాసనంలో కూర్చున్న మనిషే తొమ్మిదేళ్లకు అదే అధికరణను పేదవాడి పొట్టదాకా తెచ్చారు. రెండూ ఒకే చేతి రాతలు.

జబల్‌పూర్ మెజారిటీలో మరో తండ్రీకొడుకుల పేరు కూడా ఉంది. పి.ఎన్.భగవతి తండ్రి నట్వర్‌లాల్ భగవతి 1952 నుంచి 1959 దాకా సుప్రీంకోర్టు న్యాయమూర్తి. కొడుకు ప్రజాప్రయోజన వ్యాజ్యాలకు తలుపులు తెరిచినవారిలో ముఖ్యుడు. ఆయన 2011లో, తొంభైకి దగ్గరపడుతున్న వయసులో, జబల్‌పూర్ తీర్పులో తాను తప్పు చేశానని బహిరంగంగా ఒప్పుకున్నారు. తన రాతను సరిదిద్దడానికి వారసుడి కోసం ఆయన ఎదురుచూడలేదు.

ఇక్కడ మనవాళ్ల సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. గోప్యత హక్కు కాదన్న 1962 నాటి ఖరక్‌సింగ్ తీర్పును పుట్టస్వామి కేసు తోసిపుచ్చింది. ఆ 1962లోనే కోకా సుబ్బారావు విడిగా తీర్పు రాశారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఒక మనిషి ఇంటి చుట్టూ నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపులు కొట్టిన కేసు అది. అర్ధరాత్రి తనిఖీలు తప్పని అందరూ అన్నారు. సుబ్బారావు అక్కడ ఆగలేదు. వెంటాడే కళ్ల మధ్య బతికేవాడిది స్వేచ్ఛ కాదని, నిఘా నిబంధన మొత్తం చెల్లదని, రాజ్యాంగంలో ఆ మాట లేకపోయినా గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో విడదీయలేని భాగమని రాశారు. 55 ఏళ్లకు తొమ్మిది మంది ఆయన దగ్గరికే వచ్చారు. అందులో కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ విడిగా తన తీర్పు రాస్తే, ఆర్.ఎఫ్.నారీమన్ సుప్రీంకోర్టు చరిత్రలో మూడు గొప్ప అసమ్మతి తీర్పులను గుర్తుచేశారు. గోపాలన్ కేసులో ఫజల్ అలీది, ఖరక్‌సింగ్ కేసులో సుబ్బారావుది, జబల్‌పూర్ కేసులో ఖన్నాది.

ఖన్నా తర్వాత ఖన్నా

జబల్‌పూర్ తీర్పు చెప్పడానికి ముందే హన్స్‌రాజ్ ఖన్నాకు దాని ఖరీదు తెలుసు. హరిద్వార్‌లో గంగ ఒడ్డున తన సోదరితో, రాసి పెట్టిన తీర్పు వల్ల ప్రధాన న్యాయమూర్తి పదవి పోతుందని చెప్పినట్టు ఆత్మకథలో రాసుకున్నారు. అలాగే జరిగింది. 1977 జనవరిలో ఆయన్ని దాటించి బేగ్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేశారు. ఆయన బతికుండగానే ఆయన నిలువెత్తు చిత్రపటాన్ని సుప్రీంకోర్టు రెండో నంబరు కోర్టు గదిలో పెట్టారు.

2019 జనవరిలో ఆయన తమ్ముడి కొడుకు సంజీవ్ ఖన్నా సుప్రీంకోర్టుకు వచ్చి, తొలిసారి కూర్చున్నది ఆ గదిలోనే. 2024 నవంబరులో డి.వై.చంద్రచూడ్ దిగిపోతే ఆ స్థానంలోకి వచ్చిందీ ఆయనే. జబల్‌పూర్ కేసులో చెరోవైపు నిలిచిన ఇద్దరి ఇంటిపేర్లు ఒకరి తర్వాత ఒకరుగా ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో కనిపించాయి. వినడానికి బాగుంటుంది. కానీ పెదనాన్న త్యాగం ఎవరికీ ఆస్తిగా రాదు. సంజీవ్ ఖన్నాను ఎంపిక చేసినప్పుడు, ఆయనకన్నా సీనియర్లయిన వారిని పక్కనపెట్టారన్న విమర్శ న్యాయవాద వర్గాల నుంచే వచ్చింది. సీనియారిటీని తొక్కేయడం వల్ల నష్టపోయిన మనిషి ఇంటిపేరు మీద ఆ ప్రశ్న రావడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. 1973లో తనను దాటించినందుకు రాజీనామా చేసి, ఆ తర్వాత లోక్‌సభ స్పీకరైన కె.ఎస్.హెగ్డే కొడుకే సంతోష్ హెగ్డే. రంగనాథ్ మిశ్రా అన్నదమ్ముల బిడ్డ దీపక్ మిశ్రా. ఇద్దరూ ప్రధాన న్యాయమూర్తులయ్యారు. పేరులో పైకి కనిపించని బంధాలు కొన్ని. కె.ఎం.జోసెఫ్ పేరులోని ‘ఎం’ ఆయన తండ్రి, సుప్రీంకోర్టు న్యాయమూర్తి కె.కె.మాథ్యూ. బి.వి.నాగరత్న పేరులోని ‘వి’ 1989లో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఆమె తండ్రి ఇ.ఎస్.వెంకటరామయ్య. సీనియారిటీ లెక్కన 2027లో ఆ కుర్చీ ఆమెకు రావాలి.

ఈ జంటలను చూసి మురిసిపోవడం దగ్గరే ఆగిపోతే ఒక ముఖ్యమైన ప్రశ్న జారిపోతుంది. ఇంత పెద్ద దేశంలో అత్యున్నత న్యాయస్థానానికి మనుషులు ఎన్ని ఇళ్ల నుంచి వస్తున్నారు? 1950లో మొదలైన కోర్టులోకి మొదటి మహిళ ఫాతిమా బీవీ వచ్చేసరికి 1989 అయింది. 2021లో ఒకేరోజు ముగ్గురు మహిళలు ప్రమాణం చేశాక కూడా మహిళా న్యాయమూర్తుల మొత్తం సంఖ్య పదకొండే. అంతదాకా మగవాళ్ల ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ వచ్చాయి. ప్రతిభ ఉన్నవారు న్యాయమూర్తి ఇంట పుట్టడం తప్పు కాదు. ఆ ఇళ్లలో పుట్టనివారికి దారి ఎంత వెడల్పుగా ఉందన్నది కొలీజియం ప్రతి ఎంపికలోనూ జవాబు చెప్పాల్సిన విషయం.

ముందొక హార్లన్, వెనకొక హార్లన్

ఇంటిపేరే కాదు, పేరు మొత్తం అక్షరం పొల్లుపోకుండా కలిసిన జంట అమెరికా సుప్రీంకోర్టులో ఉంది. జాన్ మార్షల్ హార్లన్. తాత, మనవడు. ఇద్దరి తీర్పుల పైనా ‘మిస్టర్ జస్టిస్ హార్లన్’ అనే ఉంటుంది. ఏ హార్లన్ అన్నది ఏడాదిని బట్టి తెలుసుకోవాలి.

తాత 1833లో కెంటకీలో, బానిసలున్న ఇంట్లో పుట్టారు. తండ్రి లాయరు. గొప్ప ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ పేరు కొడుక్కి పెట్టుకున్నారు. అంతర్యుద్ధంలో యూనియన్ సైన్యం తరఫున పోరాడినా, బానిసత్వ రద్దును హార్లన్ మొదట్లో వ్యతిరేకించారు. తర్వాత మనసు మార్చుకున్నారు. 1877లో సుప్రీంకోర్టుకు వచ్చి 1911లో చనిపోయేదాకా, దాదాపు 34 ఏళ్లు అక్కడే ఉన్నారు.

1883లో నల్లజాతివారికి హోటళ్లలో, రైళ్లలో సమాన ప్రవేశం కల్పించే చట్టాన్ని కోర్టు కొట్టేసింది. హార్లన్ ఒక్కరే కాదన్నారు. కానీ ఆ అసమ్మతి తీర్పు రాయడానికి ఆయనకు కలం సాగలేదు. ఆయన దగ్గర ఒక పాత సిరాబుడ్డి ఉండేది. నల్లజాతివారు పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ వాడిన బుడ్డి అది. భార్య మాల్వినా దాన్ని తుడిచి, సిరా నింపి, ఆయన బల్ల మీద పెట్టారు. దాన్ని చూసిన హార్లన్ కలం కదిలిందని ఆమె తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

1896లో ప్లెసీ కేసు వచ్చింది. లూయిసియానాలో నల్లవారికి వేరే రైలు పెట్టె అన్న చట్టాన్ని ధిక్కరించిన హోమర్ ప్లెసీని అరెస్టు చేశారు. విడిగా ఉంచినా సమానంగా ఉంచితే చాలని ఏడుగురు అన్నారు. హార్లన్ మళ్లీ ఒంటరి. రాజ్యాంగానికి రంగు కనపడదన్నారు. ఈ తీర్పు ఒకనాడు డ్రెడ్ స్కాట్ అంత హానికరమని తేలుతుందని హెచ్చరించారు. ఆ మాట నిజం కావడానికి 58 ఏళ్లు పట్టింది.

ఈ హార్లన్‌ను దేవుణ్ని చేయడం నాకు ఇష్టం లేదు. ప్లెసీ అసమ్మతిలోనే చైనీయుల గురించి తక్కువచేసి రాసిన పేరా ఉంది. 1899లో ఒక జార్జియా కౌంటీ నల్లపిల్లల హైస్కూలు మూసేసి, తెల్లపిల్లల బడికి మాత్రం సాయం కొనసాగిస్తే, అందులో తప్పు పట్టని ఏకగ్రీవ తీర్పు రాసింది ఈయనే. పేరు ఒకటే అయినా ఇద్దరు మనుషులుండొచ్చు. మనిషి ఒకడే అయినా రెండు తీర్పులుండొచ్చు.

మనవడు 1899లో షికాగోలో పుట్టారు. ప్రిన్స్‌టన్, ఆక్స్‌ఫర్డ్‌లలో చదివి న్యూయార్క్‌లో పెద్ద లాయరయ్యారు. 1954 మేలో కోర్టు బ్రౌన్ తీర్పుతో బడుల్లో జాతి విభజన చెల్లదని చెప్పింది. అంటే తాత మాటకు వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మనవడి పేరును సుప్రీంకోర్టుకు పంపారు. బ్రౌన్ తీర్పు మీద మండిపడుతున్న దక్షిణాది సెనేటర్లు ఆలస్యం చేశారు. చివరికి 1955 మార్చిలో 71-11 ఓట్లతో ఆమోదం దొరికింది. బ్రౌన్ తీర్పును ఎలా అమలు చేయాలో తేల్చిన మే 1955 నాటి ఏకగ్రీవ తీర్పులో, 1958లో లిటిల్ రాక్ బడుల విషయంలో తొమ్మిది మందీ కలిసి సంతకం చేసిన కూపర్ తీర్పులో ఈ హార్లన్ ఉన్నారు.

అంతమాత్రాన ఆయన తాతకు నకలు కాదు. తాత తన కాలపు కోర్టు వెనకడుగు వేస్తోందని అసమ్మతి రాశారు. మనవడు తన కాలపు కోర్టు మరీ ముందుకు దూకుతోందని రాశారు. అరెస్టయినవారికి హక్కులు చదివి వినిపించాలన్న 1966 మిరాండా తీర్పును ఆయన కాదన్నారు. జనాభా లెక్కనే నియోజకవర్గాలు ఉండాలన్న తీర్పునూ కాదన్నారు. కానీ 1961లో, పెళ్లయిన జంట గర్భనిరోధకాలు వాడటం కూడా నేరమన్న కనెక్టికట్ చట్టం మీద కేసును కోర్టు కొట్టేస్తే, పడకగదిలోకి పోలీసును పంపే చట్టం స్వేచ్ఛకు విరుద్ధమని అసమ్మతి రాశారు. నాలుగేళ్లకు కోర్టు ఆ వైపే వచ్చింది. ఆయన అసమ్మతి వచ్చిన ఏడాదిన్నరకు ఢిల్లీలో సుబ్బారావు ఖరక్‌సింగ్ కేసులో కలం పట్టారు. రెండు ఖండాల్లో ఇద్దరు న్యాయమూర్తులు ఇంచుమించు ఒకే సమయంలో, మెజారిటీని కాదని, మనిషి ఇంటి గడప దగ్గర ప్రభుత్వాన్ని ఆగమన్నారు.

ఇంకో పేరు కలయిక నన్ను ఎక్కువగా కదిలించింది. బ్రౌన్ కేసు వాదించి గెలిచిన నల్లజాతి లాయరు థర్గుడ్ మార్షల్. దిగులు పడిన రోజుల్లో ఆయన పెద్ద హార్లన్ ప్లెసీ అసమ్మతిని బయటికి చదువుకునేవారని ఆయనతో పనిచేసిన న్యాయవాది కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ చెప్పారు. 1967లో ఆయన అమెరికా సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. హార్లన్‌లకు పేరిచ్చిన జాన్ మార్షల్ బానిసలను ఉంచుకున్న మనిషి. థర్గుడ్ మార్షల్ ముత్తాత బానిస. 1967 నుంచి 1971 దాకా నాలుగేళ్లు ఆ కోర్టులో ఒక మార్షల్, ఒక హార్లన్ కలిసి కూర్చున్నారు.

అక్కడే ఇద్దరు రాబర్ట్స్‌లూ ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను శిబిరాలకు తరలించడాన్ని 1944లో కోర్టు సమర్థిస్తే ఓవెన్ రాబర్ట్స్ అసమ్మతి రాశారు. 2018లో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఆ కొరెమాట్సు తీర్పు పుట్టిన రోజు నుంచే తప్పని రాశారు. కాకపోతే, కొన్ని ముస్లిం దేశాల వారి రాకపై ఆంక్షలను సమర్థించిన తీర్పులోనే ఆ మాట అన్నారు.

మన రెడ్లు, ఒక పాత తీర్పు

తెలుగు పాఠకుడికి ఇదంతా కొత్త కాదు. సుప్రీంకోర్టులో ‘జస్టిస్ రెడ్డి’ అంటే ఏ రెడ్డి అని అడగాల్సిందే. పింగళి జగన్మోహన్‌రెడ్డి, చిన్నపరెడ్డి, జయచంద్రారెడ్డి, జీవన్‌రెడ్డి, వెంకటరామరెడ్డి, సుదర్శన్‌రెడ్డి, సుభాష్‌రెడ్డి. 1991-94 మధ్య ఇద్దరు రెడ్లు ఒకే కోర్టులో ఉన్నారు. అందుకే లా రిపోర్టుల్లో ‘జీవన్‌రెడ్డి’, ‘జయచంద్రారెడ్డి’ అని పూర్తి పేర్లు కనిపిస్తాయి.

వారు రాసినవి చూస్తే ఒకే మూస దొరకదు. జగన్మోహన్‌రెడ్డి 1973లో కేశవానంద భారతి కేసులో రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని కాపాడిన ఏడుగురిలో ఒకరు. 1986లో కేరళలో జనగణమన పాడకుండా గౌరవంగా నిలబడిన ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలను బడి నుంచి పంపేస్తే, వారిని తిరిగి చేర్చుకోమన్న తీర్పు చిన్నపరెడ్డిది. వెనుకబడిన వర్గాలకు 27 శాతం రిజర్వేషన్లను సమర్థించిన 1992 మండల్ కేసులో ప్రధాన తీర్పు జీవన్‌రెడ్డి రాశారు. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో చెప్పింది సుదర్శన్‌రెడ్డి. 2025 ఉపరాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచినప్పుడు ఆ తీర్పు మళ్లీ వాదనల్లోకి వచ్చింది.

వీటిలో చిన్నపరెడ్డి రాసిన మరో తీర్పు ఈమధ్య పెద్ద చర్చ అయింది. 1982లో ఆయన రాసిన సంజీవ్ కోక్ తీర్పు, ప్రైవేటు ఆస్తి కూడా 39(బి) అధికరణ చెప్పే సమాజ వనరుల్లోకి వస్తుందన్న జస్టిస్ కృష్ణయ్యర్ ఆలోచనను ఆధారం చేసుకుంది. 2024 నవంబరు 5న, డి.వై.చంద్రచూడ్ పదవి దిగడానికి కొద్దిరోజుల ముందు, ఆయన నాయకత్వంలోని తొమ్మిది మంది ధర్మాసనం ప్రైవేటు ఆస్తులన్నిటినీ అలా లెక్కించడం కుదరదని చెప్పింది. సుధాంశు ధూలియా వ్యతిరేకించారు. నాగరత్న కొంతమేర ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం తెలిపారు. కృష్ణయ్యర్ సిద్ధాంతంపై ప్రధాన న్యాయమూర్తి చేసిన వ్యాఖ్య అనవసరమైనదన్నారు. ఆర్థిక విధానాలు మారాయని, ఆనాటి న్యాయమూర్తులు రాజ్యాంగానికి అపకారం చేశారనడం సరికాదని, వారు తమ కాలపు దేశాన్ని చూసి తీర్పు చెప్పారని, రాబోయే న్యాయమూర్తులు ఈ పద్ధతిని అనుసరించకూడదని రాశారు.

చంద్రచూడ్, నాగరత్న ఇద్దరూ మాజీ ప్రధాన న్యాయమూర్తుల బిడ్డలే. నేను ఈ విషయంలో నాగరత్న వైపు ఉంటాను, పుట్టస్వామి విషయంలో చంద్రచూడ్ వైపు ఉన్నట్టే. జబల్‌పూర్ తీర్పు ఇచ్చిన రోజున కూడా అది తప్పని ఖన్నా కళ్ల ముందే చెప్పారు. జైళ్లలో మనుషులున్నారు, వారి ఇళ్లవాళ్లు కోర్టు మెట్ల మీద ఉన్నారు. దాన్ని ఎంత కఠినంగా తప్పుపట్టినా చెల్లుతుంది. చిన్నపరెడ్డి, కృష్ణయ్యర్ రాసింది భూమి, గనులు, ఫ్యాక్టరీలు ఎవరి చేతుల్లో ఉండాలన్న ప్రశ్న మీద. ఆ ప్రశ్నకు దేశం ఇచ్చే జవాబు 1982లో ఒకటి, ఇప్పుడు ఒకటి. రేపు మళ్లీ మారవచ్చు.